కొండబండి కంప్రెసర్

గంగాధరం కారులో ఏసీ ఉన్నది అతని కోసం కాదు. ఆ సంగతి ముందే చెప్పేయాలి. లేకపోతే ఆ ఆరు రోజులు అతను పడ్డ యాతనంతా సుఖానికి అలవాటుపడ్డ మనిషి గోలలా కనిపిస్తుంది. పూతలపట్టు కూడలికి కూతవేటు దూరంలో పుట్టి, మామిడితోటలకు కావలి కాసి పెరిగి, యాభై నాలుగేళ్లు నిండినా మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచే మనిషి అతను. అతనికి ఏసీ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. వెనక సీట్లో కూర్చునే వసంతమ్మకు మాత్రం అది మందు.

వసంతమ్మ అతని భార్య. మూడేళ్ల కింద ఆమె మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి మంగళ, గురు, శనివారాల్లో తిరుపతికి తీసుకుపోయి, నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద పెట్టించుకుని రావాలి. చిత్తూరులో ఖాళీ లేదన్నారు. తిరుపతిలోనూ తెల్లవారి వంతులన్నీ ముందు చేరినవాళ్లు పట్టేసుకున్నారు. ఈమెకు దక్కింది మధ్యాహ్నం పన్నెండు గంటల వంతు. పోయేదీ ఎండలోనే, వచ్చేదీ ఎండలోనే.

ఆ జబ్బుకు దయాదాక్షిణ్యాలు లేవు. తాగిన నీళ్లు బయటికి పోవు. కాళ్లలోకి దిగుతాయి, మొహంలోకి ఎక్కుతాయి, చివరికి ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి ఆడనివ్వవు. అందుకని డాక్టరు రోజుకు ఇన్ని నీళ్లే అని కట్టడి పెట్టాడు. వసంతమ్మ ఒక సీసా తీసుకుని దానికి మూడు చోట్ల ఎర్రటి బొట్టుబిళ్లలు అంటించింది. పైబిళ్ల దాకా పొద్దునకు, నడిమిబిళ్ల దాకా మధ్యాహ్నానికి, అడుగున ఉన్నది రాత్రి మాత్రలకు. చల్లగా ఉన్నంతసేపు ఆమె ఆ బిళ్లల మాట దాటదు. వేడి తగిలిందంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది, ప్రాణం నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. పక్కింట్లో ఎవరైనా బిందె దించిన చప్పుడైనా ఆమె కళ్లు అటే పోతాయి. ఇలాంటి మనిషిని మే నెలలో అంత దూరం కారులో తీసుకుపోయి, మళ్లీ తీసుకురావాలి.

అందుకే గంగాధరం ఆ కారు కొన్నాడు. పదిహేనేళ్లు దాటిన పాత డీజిల్ కారు. రంగు వెలిసింది, తలుపు వేస్తే రేకు డబ్బా చప్పుడు. కానీ ఏసీ వేసిన రెండు నిమిషాలకు చేతుల మీద రోమాలు లేచేవి, అది చూసే కొన్నాడు. కరోనా రోజుల్లో పాత యజమాని ముందు సీట్లకూ వెనక సీటుకూ మధ్య కట్టిన ప్లాస్టిక్ తెర ఇంకా అలాగే ఉంది. దాన్ని పీకేయకుండా గంగాధరం తన బుర్ర ఉపయోగించాడు. బట్టలుతికే మిషన్ గొట్టాలు తెచ్చి, డాష్‌బోర్డులో గాలి వచ్చే రంధ్రాలకు బిగించి, తెరకు బెజ్జం చేసి వెనక్కి లాగాడు. చల్లగాలి మొత్తం వసంతమ్మకే పోయేది. ముందు అతను అద్దం దించుకుని, వడగాలిలో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నడిపేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు.

గాలి తనకు తగలదు కాబట్టి దారిలో నాలుగైదుసార్లు అద్దంలోకి చూసి గట్టిగా అడిగేవాడు.

"సల్లగుండాదా?"

"ఉండాది," అనేది వసంతమ్మ.

మూడేళ్లుగా ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఎక్కువసార్లు నడిచిన మాట అదే.

ఇంతకు ముందు గంగాధరం తిరుపతిలో కొండబండి నడిపేవాడు. కొండబండి అంటే తిరుమలకు భక్తులను ఎక్కించుకుపోయే టాక్సీ. ఇరవై రెండేళ్లు ఆ ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కాడు, దిగాడు. కొండబండి బతుకు ఎలాంటిదో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎక్కేటప్పుడు ఇంజను గుండెలు బాదుకుంటుంది, దిగేటప్పుడు బ్రేకులు కాలి కంపు కొడతాయి, క్లచ్చి ఏడాదికి ఒకటి అరిగిపోతుంది. అందుకే డ్రైవర్లలో ఒక కట్టుబాటు ఉంది. పాత సామాను కొనేటప్పుడు ఎవరూ కొండబండిది కొనరు. "అది కొండబండి సామానప్పా" అంటే చాలు, ఇక బేరం లేదు. గంగాధరం ఆ మాట ఇతరులకు వందసార్లు చెప్పి ఉంటాడు.

ఆ గురువారం తిరుగు ప్రయాణంలో, చంద్రగిరి దాటాక, బానెట్ కింద నుంచి కీచుమని ఒక అరుపు, వెంటనే రబ్బరు కాలిన వాసన. గంగాధరం బండి పక్కకు తీశాడు. ఏసీకి గుండెకాయలాంటి కంప్రెసర్ లోపల పట్టేసి, తిరగడం మానేసింది. దాని మీది బెల్టు రాపిడికి పొగలు కక్కుతోంది. ఏసీ ఆపేస్తే బండి నడుస్తుంది, నడిచింది కూడా. తెర చించి పక్కకు నెట్టి, అద్దాలన్నీ దించి ఇంటికి చేర్చాడు. ఆ రాత్రీ మరుసటి రోజూ వసంతమ్మ బొట్టుబిళ్లల మాట వినలేదు. దొంగతనంగా తాగింది. వంటింట్లో గ్లాసు శబ్దం వినపడినా గంగాధరం విననట్టే ఉండిపోయాడు. తాగొద్దని అనడానికి అతనికి నోరు రాలేదు.

శనివారం పోయేసరికి ఆమె మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. తూకం చూసిన నర్సు జెస్సీ ముందు ఆక్సిజన్ పెట్టింది. సాయంత్రం గంగాధరాన్ని వరండాలోకి పిలిచింది. పాతికేళ్ల పిల్ల, కానీ ఆ వార్డులో అందరికన్నా ముసలిదానిలా మాట్లాడుతుంది.

"అంకుల్, ఈరోజు నాలుగు కిలోల నీళ్లు తీసినాం. నడిమిలో బీపీ పడిపోయింది. గుండె ఇంగోసారి ఇట్ల తట్టుకోదు. మీరేం చేస్తారో నాకు తెలీదు, ఎండ తగలకుండా పిలుచుకొని రండి."

"మంగళారానికి సేయించేస్తాను పాపా," అన్నాడు గంగాధరం. ఆ మాట అనేశాక వరండా గోడకు ఆనుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చక్రాల కుర్చీలో బయటికి వస్తున్న వసంతమ్మ అది చూసింది. చూసినట్టు చెప్పలేదు.

ఆదివారం అతను ఎక్కని గడప లేదు. పెళ్లిళ్ల రోజులు, పూతలపట్టు నుంచి చిత్తూరు దాకా అద్దెకు ఒక్క ఏసీ బండి కూడా ఖాళీగా లేదు. శ్రీ సిటీలో ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు రూపశ్రీ ఫోన్ చేసి, తనతో పనిచేసేవాళ్లలో కార్లున్న వాళ్లందరినీ అడిగింది, మంగళవారం ఎవరికీ వీలు పడలేదు. సోమవారం పొద్దున్నే విడిభాగాల దుకాణానికి పోతే, గాజు బల్ల వెనక కూర్చున్న మనిషి కంప్యూటర్‌లోకి చూసి పెదవి విరిచాడు. ఈ మోడల్‌కు కొత్త కంప్రెసర్ రావడం లేదు, ఆర్డరు పెడితే మూడు వారాలు, అప్పటికైనా వస్తుందని చెప్పలేను అన్నాడు. పక్క దుకాణంలో కొత్తదే చూపించారు, అయితే అది వేరే కారుది. బోల్టు రంధ్రాలు కలవలేదు. కొత్తది బిగించే యోగం లేదని పదకొండు గంటలకు తేలిపోయింది. మిగిలింది పాతది వెతుక్కోవడం.

అప్పుడు పోయాడు ఏకాంబరం దగ్గరికి.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఏకాంబరానిది రేకుల షెడ్డు. ముప్పై ఏళ్లుగా కార్ల ఏసీలు తప్ప ఇంకో పని చేయలేదు. మాటలు తక్కువ, అవి కూడా సగం తమిళంలో గొణుగుతాడు. గంగాధరం చెప్పిందంతా విని, లోపలికి పోయి ఆ కారుకు సరిపోయే పాత కంప్రెసర్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఒకటి నల్లటి జిడ్డు పట్టి, మీద దుమ్ము పేరుకుని, చూస్తేనే చేతులు కడుక్కోవాలనిపించేలా ఉంది. ఇంకొకటి తెల్లగా, అల్యూమినియం మెరుపు పోకుండా, నిన్న డబ్బాలోంచి తీసినట్టు ఉంది.

"యాడివివి?" అన్నాడు గంగాధరం.

"ఈ నల్లది కొండబండిది. పోయిన నెల యాక్సిడెంటయి బండిని తుక్కుకేసినారు. తెల్లది సిత్తూరులో ఒక రిటైరయిన సారుది. ఒకే చేతి బండి. ఆయప్ప పోయినాక రెండేండ్లు షెడ్డులోనే ఉండింది. కొడుకులు అమ్మేసినారు."

గంగాధరం తెల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మధ్యలో ఉన్న చక్రాన్ని తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది. గాలి పోయే రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి తిప్పితే వేలిని నెట్టింది. నల్లదీ నెట్టింది. కానీ దాని వంక అతను సరిగా చూడలేదు.

"నన్నడిగితే నల్లది పెట్టుకో," అన్నాడు ఏకాంబరం.

"కొండబండి సామాను నాకు అంటగడతావా అప్పా? ఇరవై రెండేండ్లు నడిపినోన్ని. దాని బతుకు నాకు తెలీదా?"

"అట్ల గాదప్పా, సెప్పేది విను. రెండేండ్లు నిలిసిపోయిన సామాను..."

"నిలిసిపోతే మంచిది గదా, అరగలే. వెనక కూర్సునేది నా పెండ్లాం. దాని పానం మీద పందెం కట్టమంటావా?"

నీ పెళ్లాం ప్రాణం మీద పందెం అని మనిషి అన్నాక ఎవరు మాత్రం ఏమంటారు? ఏకాంబరం స్పానర్లు తీశాడు. బిగించాక, గ్యాసు నింపి ఒక రాత్రి అలాగే ఉంచి చూద్దాం, ఎక్కడైనా కారుతుందేమో తెలుస్తుంది అన్నాడు. మంగళవారం పన్నెండుకల్లా ఆసుపత్రిలో ఉండాల, రాత్రి ఉంచేదానికి కుదరదు అన్నాడు గంగాధరం. ఆత్రంలో ఉన్న మనిషి చెవికి ఏ మాటా ఎక్కదు.

సాయంత్రం కారు ఇంటి ముందు నిలిపి, చించిన తెర స్థానంలో కొత్త ప్లాస్టిక్ కట్టి, గొట్టాలు బిగించి, వసంతమ్మ చెయ్యి పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. గాలి జివ్వున వచ్చింది. ఆమె రెండు చేతులూ గొట్టాల ముందు పెట్టి కళ్లు మూసుకుంది.

"నూరింట్లో ఒకటి ఏరి తెచ్చినా," అన్నాడు గంగాధరం. ఎన్ని రోజులకో అతని మొహంలో వెలుగు వచ్చింది. "కొండబండిది అంటగట్ట సూసినాడు ఏకాంబరం. నా కాడనా? ఒకే చేతి బండిది పెట్టించినా. ఇంగ నువ్వు బయపడొద్దు."

వసంతమ్మ ఆ మొహాన్నే చాలాసేపు చూసింది.

మంగళవారం పదిన్నరకు బయలుదేరారు. ఎండ అప్పటికే రోడ్డు మీద నీళ్లలా కదులుతోంది. పాకాల తిరుగుడు దగ్గర అడిగాడు.

"సల్లగుండాదా?"

"ఉండాది."

చంద్రగిరి ముందు ఇంకోసారి అడిగాడు. లారీల మోతలో జవాబు వినపడలేదు. అద్దంలోకి చూశాడు. తెర మీద ఎండ పడి మెరుస్తోంది, అవతల ఆమె తల మాత్రం లీలగా ఊగింది. "ఉండాది" అన్నట్టే పెదవులు కదిలాయి. ముందు వడగాలి నిప్పులు చెరుగుతోంది. తను ఉడికిపోతున్నా, వెనక ఆమె చల్లగా ఉందన్న ధీమాతో గంగాధరం పాత పాట ఒకటి కూనిరాగం తీశాడు. తిరుపతి ఊళ్లో రెండు సిగ్నళ్ల దగ్గర ఆగాల్సి వచ్చింది. రెండో సిగ్నల్ దగ్గర మళ్లీ అడిగాడు.

"ఏమే, సల్లగుండాదా?"

"ఉండాదయ్యా. నువ్వు రోడ్డు సూసి తోలు."

ఆసుపత్రి ముందు దిగి వెనక తలుపు తీశాడు. వేడి ఆవిరి మొహాన కొట్టింది. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టయింది. వసంతమ్మ చీర తడిసి ముద్దయి ఒంటికి అతుక్కుపోయి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. ఒళ్లో బొట్టుబిళ్లల సీసా ఉంది. దాంట్లో నీళ్లు పైబిళ్ల దగ్గరే ఉన్నాయి, అంగుళం కూడా దిగలేదు. గంగాధరం గొట్టం ముందు చెయ్యి పెట్టాడు. బయటి గాలి కన్నా వేడిగా వస్తోంది.

"ఎప్పుడు ఆగిపోయినాది?" గొట్టం ముందు నుంచి చెయ్యి తీయకుండానే అడిగాడు.

"పాకాల దాటినాక రొంచేపటికి."

"మరి ఉండాది ఉండాది అంటివే! నేను అడగతానే ఉంటినే!"

"సెప్తే యాడన్నా నిలిపేసి బానెట్టు ఎత్తుకోని కూసుంటావు. వంతు పోతాది." ఊపిరి కోసం ఆగింది. "అయినా... నువ్వు అంత సంబరంగా ఏరి తెచ్చినావే. యా మొగం పెట్టుకోని సెప్పేదయ్యా నేను?"

గంగాధరం కారు లోపలికి చూశాడు. ఈ ప్లాస్టిక్ తెర తను కట్టిందే. అద్దాలు తను బిగించినవే. మూడేళ్లుగా ఆమెను కాపాడుకుంటున్నానని కట్టిన గూడులో ఆమెను పెట్టి గంట సేపు ఉడికించాడు. పాట కూడా పాడుకున్నాడు. తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. వాచ్‌మన్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది.

జెస్సీ చెయ్యి పట్టుకుని చూసి "ఒళ్లు కాలిపోతా ఉంది" అంది. తడిగుడ్డలు వేశారు, డాక్టరు వచ్చి చూశాడు. అరగంట ఆగి మెల్లగా మిషన్ మొదలుపెట్టారు. జెస్సీ బయటికి వచ్చేసరికి గంగాధరం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"సాయంత్రం దాకా ఈడ పడుకోబెట్టండి పాపా. రాత్రికి సల్లబడినాక పిలుచుకొని పోతా."

"మంచం ఖాళీ ఉంటే నేను ఉంచుకోనా అంకుల్? అయిదింటికి ఇంకొకరు వస్తారు ఈ మంచానికి. వరండాలో పెడితే అది పెనం మాదిరి కాలతా ఉండాది." లోపలికి వినపడకుండా తలుపు దగ్గరికి వేసింది. "ఇప్పుడు ఒంట్లో సత్తువ లేదు. మళ్లా అట్లాంటి కారులో పోతే ఇల్లు చేరదు. మీకు దాచి చెప్పి లాభం లేదు."

గోడ గడియారంలో పన్నెండున్నర దాటింది. నాలుగున్నర దాకా టైముంది. గంగాధరం మెట్లు పరుగున దిగాడు.

ఏకాంబరం బానెట్ ఎత్తి లైటు వేసి చూశాడు. కంప్రెసర్ ముందు చక్రం చుట్టూ నూనె చిమ్మి ఉంది. ఇక చెప్పాల్సింది లేదు.

"గ్యాసు కారకుండా ఆపే రబ్బరు సీలు పోయింది. గ్యాసంతా బయటికి వచ్చేసింది. లోపల ఆయిలు తిరగతా ఉంటేనే ఆ సీలు మెత్తగా ఉంటాది. రెండేండ్లు నిలిపేస్తే ఎండిపోయి పెళుసు బారతాది. నిన్న అదే సెప్పబోతే నువ్వు నోరు తెరవనిచ్చినావా?"

"నేను... అరగలేదు గదా అని..."

"గంగాధరం, నిన్నొకటి అడగతా. కొండెక్కేటప్పుడు నువ్వు ఏసీ ఏం జేస్తా ఉంటివి?"

గంగాధరం నోరు తెరిచాడు. ఏం చేసేవాడు? అలిపిరి దాటగానే చెయ్యి దానంతట అదే పోయి ఏసీ ఆపేసేది. ఏసీ వేస్తే ఇంజను కొండెక్కలేదు. "అద్దాలు దించుకోండి సార్, కొండగాలి మించింది లేదు" అని భక్తులకు చెప్పేవాడు. దిగేటప్పుడు మళ్లీ వేసేవాడు. తను, తనతోపాటి వాళ్లు, కొండబండి నడిపే ప్రతి ఒక్కరూ, ప్రతిరోజూ, ప్రతి ట్రిప్పులో అదే చేసేవాళ్లు.

"ఆపేస్తాంటిని," అన్నాడు.

"మరి? క్లచ్చీ బ్రేకూ కొండబండివి కొనగూడదు, నిజమే. కంప్రెసరు మాత్తరం కొండబండిదే కొనాల. దినామూ నడస్తాది, సీలు ఎండదు. ఎక్కేటప్పుడు రెస్టు, దాని మీద ఎప్పుడూ ఎక్కువ బారం పడదు. నీ సేతుల్తో ఇరవై రెండేండ్లు ఆపినావు, నీకు తెలీలేదా?"

తెలియలేదు. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది వేల దినాలు ఆ బటన్ నొక్కాడు, ఒక్కనాడూ ఈ ఆలోచన రాలేదు. అయినా ఇప్పుడు సిగ్గుపడేందుకు కూడా తీరిక లేదు.

"నల్లది పెట్టప్పా. ఇప్పుడే పెట్టు."

ఏకాంబరం షెడ్డు లోపలికి చూశాడు. అక్కడ ఒక టాక్సీ బానెట్ ఎత్తి ఉంది. దాని ముందు ముక్కాలిపీట మీద ముప్పై ఏళ్లవాడొకడు కూర్చుని టీ తాగుతున్నాడు. వాడి కాళ్ల దగ్గర నల్లటి కంప్రెసర్ ఉంది.

"నువ్వు వద్దంటివి గదా. సిన్నబ్బ పొద్దున్నే వచ్చి మాట్లాడుకున్నాడు. రెండింటికి మద్రాసు పార్టీని ఎక్కించుకోవాల్నంట."

చిన్నబ్బ కూడా కొండబండి నడిపేవాడే. గంగాధరానికి మొహం తెలుసు, స్టాండులో తను మానేసే ఏడాది చేరినవాడు. గంగాధరం వాడి ముందుకు పోయి నిలబడ్డాడు. ఏం చెప్పాలో వరుసగా రాలేదు. ఆసుపత్రి అన్నాడు, పాకాల అన్నాడు, పైబిళ్ల అన్నాడు. చివరికి మాటలు ఆగిపోయి, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఆ నూనె మరకల నేల మీద, నల్లటి ఇనుపముద్ద మీద చెయ్యి వేసి.

"తప్పు నాదే అబ్బా. నిన్న నా ముందరే పెట్టినారు, నేనే కాలదన్నినా. దానికి శిక్ష నాకు పడితే పడనీ. ఆయమ్మకు వద్దు. నీ బండికి ఏమి కావాల్నో సెప్పు, నా బండిలో ఉండేది యాదైనా పీక్కో. ఇది మాత్తరం నాకియ్యి."

చిన్నబ్బ టీ గ్లాసు కింద పెట్టాడు. వాడికి కూడా రెండు గంటల బాడుగ పోతే ఆ రోజు బేరం లేనట్టే. తల గోక్కున్నాడు. స్టాండులో బండ్లు వరుస నంబరు ప్రకారం కదులుతాయి. ఆ వంతును డ్రైవర్లు సీరియల్ అంటారు. ప్రాణం పోయినా ఎవరూ ఎవరికీ సీరియల్ ఇవ్వరు, సీరియల్ కోసం అన్నదమ్ములు కొట్టుకున్న రోజులున్నాయి.

"లెయ్యన్నా, ముందు లెయ్యి," అన్నాడు చిన్నబ్బ. "నా సీరియలు నీకిస్తా. ఏకాంబరన్నా, నా బండి పక్కకు తోసెయ్యి. మద్రాసోళ్లకు ఇంకొక బండి సూసి పంపిస్తా. ఎట్లా కొండెక్కేటప్పుడు ఏసీ ఆపేసేదే గదా."

గంగాధరం చేతులు జోడించబోతే వాడు ఆ చేతుల్లో స్పానరు పెట్టాడు.

ముగ్గురూ పని మీద పడ్డారు. తెల్లదాన్ని విప్పారు, గొట్టాలు కడిగారు, నల్లదాన్ని ఎక్కించారు. లోపలి గాలీ తడీ మొత్తం లాగేసే మిషన్ పెట్టి అరగంట ఆగాలి. ఆ అరగంట గంగాధరం షెడ్డు ముందు ఎండలో అటూ ఇటూ నడిచాడు. నీడలో నిలబడమని ఏకాంబరం రెండుసార్లు కేకేశాడు. నిలబడలేదు. ఆమె గంటసేపు కూర్చున్న చోటు కన్నా ఇది నయమే అనుకున్నాడు. గ్యాసు నింపి, చక్రం చుట్టూ సబ్బు నురగ పూసి చూశారు. ఒక్క బుడగ లేవలేదు. నాలుగూ పదికి బండి బయటికి వచ్చింది.

వసంతమ్మను చక్రాల కుర్చీలో కిందికి తెచ్చేసరికి గంగాధరం ఇంజను ఆపకుండా, ఏసీ వేసి, తలుపులు మూసి పెట్టాడు. ఆమె కళ్లు లోతుకు పోయాయి. మాట్లాడే ఓపిక లేదు. జెస్సీ చెయ్యి లోపల పెట్టి చూసి, గంగాధరం వైపు తల ఊపి, తలుపు వేసింది.

ఊరు దాటారు. బైపాసు మీద ఎండ పక్కవాటుగా కొడుతోంది. అద్దంలోకి చూశాడు. ప్లాస్టిక్ తెర మెరుస్తోంది, అవతల ఆమె లీలగా ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"సల్లగుండాదా?"

"ఉండాది," అంది వసంతమ్మ.

అదే గొంతు. అదే మాట. పొద్దున పాకాల దాటాక చెప్పిన మాటకూ దీనికీ వెంట్రుక వాసి తేడా లేదు. గంగాధరం ఒళ్లంతా చల్లబడింది. మూడేళ్లుగా ఆ ఒక్క మాటను నమ్ముకుని బండి నడిపాడు. ఆ మాట ఇక ఎప్పటికీ పనికిరాదని అప్పుడు తెలిసింది. ఇంకో అర కిలోమీటరు నడపగలిగాడేమో, అంతే. బండి రోడ్డు పక్కకు తీసి నిలిపాడు. ఇంజను ఆపలేదు. దిగి, వెనక తలుపు తీసి, లోపలికి దూరి ఆమె పక్కన కూర్చుని తలుపు లాగేసుకున్నాడు.

ముప్పై ఏళ్లు పైగా డ్రైవరుగా బతికిన మనిషి, తన బండి వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. చల్లటి గాలి మొహాన తగిలింది. నమ్మకం కుదరక గొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు, చెయ్యి తిప్పి మణికట్టు పెట్టాడు. తర్వాత ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. నుదురు చల్లగా ఉంది. వాహనాలు పక్కనుంచి హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. మళ్లీ గురువారం రావాలి, ఆ తర్వాత శనివారం. ఈ పాత ఇనుము ఎన్నాళ్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. గంగాధరం తల దించుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

వసంతమ్మ సూది గుచ్చని చెయ్యి కదిపి అతని మోకాలి మీద వేసింది.

"ఈతూరి నిజంగానే ఉండాదయ్యా," అంది.